రొట్టె దాని పాటికది కాలదు

పాతర తీసిన రోజు మా వీధంతా ఒకటే వాసన. నానిన చొప్ప, పాత మట్టి, కొంచెం పులుపు కలిసిన ముక్క వాసన. కోయిలకుంట్ల పక్క నల్లరేగడి ఊళ్లలో అప్పట్లో జొన్నలు దాచుకునేది భూమిలోనే. వాన నీళ్లు నిలవని మిట్ట చూసి, మనిషి దిగితే మునిగేంత గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన మళ్లీ చొప్ప వేసి మట్టితో మెత్తేవాళ్లు. మూత తీసిన వెంటనే ఎవరూ లోపలికి దిగేవాళ్లు కాదు. ఒక పూట గాలికి వదిలి, ఆ తర్వాత తాడు కట్టి లాంతరు దించేవాళ్లు. లాంతరు ఆరితే లోపల ఊపిరాడదని లెక్క. పిల్లలం అంచుకు పోతే మా నాయన వెంటపడి తరిమేవాడు. నెమ్మదైన మనిషికి ఆ ఒక్కరోజే అంత కోపం ఎందుకో అప్పుడు తెలీలేదు. గింజలు కూడా ఊపిరి తీసుకుంటాయనీ, మూసిన పాతరలో మంచి గాలంతా వాటికే అయిపోతుందనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను.

1970ల్లో మా ఇంట్లో ఏడాదికి రెండు రుచుల రొట్టె ఉండేది. సంక్రాంతి దాటి కళ్లం ఎత్తినాక చేసే కొత్త జొన్నల రొట్టె తెల్లగా, నమిలేకొద్దీ తియ్యగా ఉండేది. వానాకాలం వచ్చేసరికి పాతర జొన్నల రొట్టె. రంగు తగ్గి, తుంచి నోట్లో పెట్టుకోగానే ఆ ముక్క వాసన తగిలేది. నేను మొహం చిట్లిస్తే మా అవ్వ ఊరుకునేది కాదు.

"గంజి కేంద్రం ముందర బొచ్చె పట్టుకోని నిలబడింటే తెలుస్తాండె నీకు, పాతర జొన్న ఏందో" అనేది.

అది 1952 కరువు మాట. రాయలసీమలో ఊళ్లకు ఊళ్లు గంజి తాగి బతికిన కాలం. అవ్వ ఆ మాట ఎన్నిసార్లు అనిందో! తాను నిజంగా ఆ వరసలో నిలబడిందో, చూసిందో మాత్రం నేను అడగలేదు. అవ్వ మొహం ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు. ముక్కుకు ఏ వైపు ముక్కుపుడక ఉండేదో కూడా చెప్పలేను. ఆ గొంతు మాత్రం ఉంది, ఆ 'బొచ్చె' అనే మాటను నొక్కి పలకడం ఉంది.

అవ్వ కాపురానికి వచ్చిన కొత్తలో పిండి రాగల్రాయి మీదే. కోడి కూయకముందే లేచి విసిరితేనే పొద్దుటి రొట్టెలకు పిండి. నాకు తెలివొచ్చేసరికి ఊళ్లోకి డీజిల్ ఇంజను మిషన్ వచ్చింది. దాని కుక్ కుక్ చప్పుడు పొలాల దాకా వినపడేది. ఆ చప్పుడు వింటూనే అమ్మ జొన్నలు చెరిగి, మట్టిబెడ్డలు ఏరి, గంపకెత్తి నన్ను పంపేది. తిరిగొచ్చేటప్పుడు పిండి వేడి గంపనూ చుట్టకుదురునూ దాటి నడినెత్తికి తగిలేది. ఒకేసారి ఎక్కువ పట్టించుకుంటే నాకు తిప్పట తప్పుతుంది కదా అని గొణిగేదాన్ని.

"పాత పిండి చేతికి రాదు మే" అనేది అమ్మ. అంతకుమించి వివరం చెప్పేది కాదు.

అమ్మ రొట్టెలకు కూర్చునే తీరు ఇప్పటికీ కళ్లముందుంది. ఎడమ పక్క పిండి, ఎదురుగా కొయ్యపీట, కుడి పక్క పొయ్యి. పొయ్యిలోకి కందికట్టె, పత్తికట్టె. ముందు ఎసరు పెట్టేది. నీళ్లు తెర్లినాక పిండి నడుమ గుంత చేసి పోసి, కట్టెతో కలిపి, చేయి పట్టే వేడికి రాగానే అరచేతి అడుగుతో నెట్టి నెట్టి పిసికేది. గోధుమ పిండిలో నీళ్లు తగిలితే సాగే జిగురు పుడుతుంది. జొన్నకు ఆ గుణం లేదు. మరిగే నీళ్లకు పిండిలోని గంజి కొంత ఉడికి, అదే రొట్టెను పట్టి ఉంచుతుంది. అమ్మకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పలేదు. నేను తొందరపడి నీళ్లు ముందే దించితే మాత్రం, "ఎసరు తెర్లల్ల, లేకుంటే అంచు పగుల్తాది" అని మళ్లీ పొయ్యి మీద పెట్టించేది.

కలిపిన పిండంతా ఒక్కసారిగా ఉండలు చేసి పెట్టుకోవడం ఉండదు. ఒక రొట్టె పెనం మీద కాలుతుంటే, ఇంకో రొట్టెకు సరిపడా పిండి తీసి మళ్లీ పిసకాలి. అది చెవి తమ్మె అంత మెత్తన అయినాక పీట మీద పొడిపిండి చల్లి తట్టడం మొదలు. కుడి అరచేయి తట్టేది, ఎడమచేతి వేళ్లు అంచును సర్దేవి. రొట్టెను తిప్పుతున్నట్టు కనిపించేది కాదు. ప్రతి దెబ్బకూ దానంతటది కాస్త జరిగేది. అంచు మందంగా ఉండి నడుమ పలచబడితే రొట్టె పొంగదు. అంతా ఒక్క మందానికి వచ్చాక, పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేట్టు అరచేతి మీదుగా పెనం మీదికి వేసేది. వెంటనే తడిగుడ్డతో పైన నీళ్లు రాసేది. ఆ నీళ్లకు పొడిపిండి తడిసి రొట్టెలో కలిసిపోవాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిరగెయ్యాలి. ముందే తిప్పితే చినుగుతుంది, ఆలస్యమైతే బీటలు పడుతుంది. రెండు వైపులా కాలినాక రొట్టెను తీసి పొయ్యి నోటి దగ్గర నిప్పులకు ఆనించి నిలబెట్టేది. అక్కడ పొంగేది. పొర మీద అక్కడక్కడా నల్లచుక్కలు పడి, మాడీ మాడని జొన్న వాసన వాకిలి దాకా వచ్చేది.

దాంట్లోకి బుడ్డల ఊరిమిండి, లేదంటే గోగాకు పప్పు. నంజుకోవడానికి ఎర్రగడ్డ. వెన్న ఉన్నరోజు వేడి రొట్టె మీద వేలితో రాసి ఇచ్చేది. మిగిలిన రొట్టెలు సాయంత్రానికి గట్టిపడితే తుంచి మజ్జిగలో నానబెట్టుకునేవాళ్లం. చేలోకి పోయేవాళ్లు గుడ్డలో కట్టుకుపోయేది కూడా రొట్టెలే. చెడిపోవు, కారిపోవు, చెట్టు కింద కూచుని కారం ఉంటే చాలు.

ఇంతవరకు అందరూ రాసేదే. అమ్మ వైపు నుంచి చూస్తే ఇంకో లెక్క ఉంది. మా ఇంట్లో తినే నోళ్లు ఎక్కువ. పెద్దవాళ్లు, పిల్లలు, ఎద్దులను చూసుకునే జీతగాడు. పూటకు ఇరవై రొట్టెలకు తక్కువ చేసిన గుర్తు లేదు. పిసికి, తట్టి, కాల్చి ఒక్కోటి దించడానికి మూడు నాలుగు నిమిషాలనుకున్నా గంటకు పైనే పొయ్యి ముందు. ఎండాకాలమైనా అంతే, ఒళ్లు బాగలేకపోయినా అంతే. పత్తికట్టె భగ్గున మండి చప్పున ఆరుతుంది. మధ్యమధ్యలో వంగి ఊదాలి. అమ్మ కుడి ముంజేతి మీద వెంట్రుక ఉండేది కాదు. వేళ్ల చివర్లు తెల్లగా బిరుసెక్కి ఉండేవి. జ్వరమొచ్చినప్పుడు నుదుటి మీద ఆ చెయ్యి పెడితే గరుకుగా తగిలేది.

రొట్టె వేడిగా తింటేనే రొట్టె. అందుకని వేడి రొట్టె ఎప్పుడూ ఎదుట కూచున్నవాళ్లదే. ముందు నాయన, తర్వాత మేము. అందరివీ అయ్యాక, పొయ్యి చల్లారాక, ఆఖర్న మిగిలిన పిండితో చేసిన చిన్నరొట్టె అమ్మది. ఎవరూ ఆమెను వద్దనలేదు, రమ్మనీ అనలేదు. మా ఇంట్లోనే కాదు, వీధిలో ప్రతి ఇంట్లోనూ అంతే.

మా చిన్నమ్మను నంద్యాల దగ్గర కె.సి. కాలువ పారే ఊరికి ఇచ్చారు. తెల్లదొరల కాలంలో పడవలు నడపడానికీ పంటలకూ కలిపి తవ్విన కాలువ అది. ఆ నీళ్లతో వాళ్లకు వరి. మాకు వరి బువ్వ అంటే పండగ, లేదా చుట్టాలు, లేదా జ్వరం. సెలవులకు చిన్నమ్మ ఇంటికి పోతే రోజూ అన్నమే. ఆ ఇంట్లో నన్ను ఆశ్చర్యపరిచింది అన్నం కంటే మా చిన్నమ్మ తీరిక. పొద్దున్నే ఎసరు పెట్టి, బియ్యం పోసి, ఆ ఉడికే సేపట్లో తల దువ్వుకునేది. పక్కింటామెతో గోడ మీదుగా మాట్లాడేది. అమ్మ కంటే నాలుగైదేళ్లే చిన్నది, చూస్తే పదేళ్లు చిన్నగా కనపడేది. "మాకు రొట్టెల బాధ లేదు మే" అని ఒకసారి అమ్మతో అనింది. అమ్మ ఏం బదులిచ్చిందో గుర్తులేదు. బదులివ్వలేదేమో.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. దాని గురించి తర్వాత చాలా చదివాను. పొట్టకు అన్నం పెట్టిన పథకమని రాసినవాళ్లున్నారు, మెట్ట పంటలను వెనక్కి నెట్టిందని రాసినవాళ్లున్నారు. నేను చూసింది ఇంతే: అమ్మ స్టోరు బియ్యం సంచి దించి, ఆ సాయంత్రం అన్నానికి ఎసరు పెట్టింది. బియ్యం కడిగి పోసి మూత పెట్టింది. పెట్టి, వచ్చి వాకిట్లో అరుగు మీద కూచుంది. వంట వేళప్పుడు అమ్మ అరుగు మీద కూచోవడం నాకు వింతగా తోచింది. లోపల ఏదో మరిచిపోయిందనుకుని, "పొయ్యి మీద చూసుకోవాల్సిన పని లేదామ్మా?" అన్నాను.

"అన్నమైతే దాని పాటికది ఉడుకుతాది" అంది.

ఆ బియ్యంలో మట్టిగడ్డలు, పురుగు ఉండేవి. ఒక్కోసారి అన్నం ముద్దగా వచ్చేది. అయినా ఆ ఏడాది నుంచి మా ఇంట్లో రాత్రిపూట రొట్టె తగ్గింది. తర్వాత్తర్వాత పొద్దునా తగ్గింది. అమ్మకు జొన్న మీద ఇష్టం పోయి కాదు. పొయ్యి ముందు గంట సేపు ఆమెకు వెనక్కి వచ్చింది. ఆ సేపట్లో ఆమె మా తమ్ముడి పుస్తకం ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కోవడం చూశాను. అందుకే అన్నం వచ్చి మన తిండిని చెడగొట్టిందని ఎవరైనా తేలిగ్గా అంటే నేను ఒప్పుకోలేను. అన్నం మా అమ్మను అరుగు మీద కూచోబెట్టింది.

నేను పెళ్లయి హైదరాబాదు వచ్చేశాక చేలు కూడా మారిపోయాయి. జొన్న వేసే నల్లరేగడిలోకి, అదే హింగారి (రబీ) కాలంలోకి శనగ వచ్చింది. జేజీ 11 అనే రకం వచ్చాక ఊళ్లకు ఊళ్లు శనగే. తక్కువ రోజుల పంట, మార్కెట్టుకు పోతే డబ్బులు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాయి. ఎద్దులు పోయాక చొప్ప ఎవరికి? జొన్న మనిషికి గింజ, పశువుకు మేత ఇచ్చే పంట. ఆ రెండో లెక్క తెగిపోయేసరికి మొదటిది ఒక్కటే నిలబడలేకపోయింది. పాతరలు పూడ్చి మిట్ట మీద ఇళ్లు కట్టారు.

"ఒక రెండెకరాలన్నా జొన్న ఎయ్యరా" అని మా తమ్ముణ్ని ఒకసారి అడిగాను.

"ఊరంతా శెనగ ఏసి నేనొక్కన్నే జొన్న ఏస్తే, ఊర్లో పిట్టలన్నీ నా చేన్లోనే వాల్తాయి గదక్కా. వడిసెల పట్టుకోని మంచె మీద నిలబడేటోళ్లు యాడున్నారిప్పుడు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మంచె మీద మా చిన్నతనంలో నిలబడింది మేమే, పిల్లలం. ఇప్పుడు ఊళ్లో పిల్లలు బడిలో ఉన్నారు. ఉండాల్సింది అక్కడే.

మా ఇంట్లోకి జొన్న మళ్లీ వచ్చింది మా ఆయనకు షుగరు వచ్చాక. మొదట్లో సూపర్ మార్కెట్లో పిండి ప్యాకెట్టు తెచ్చుకున్నాను. ఎసరు తెర్లించి, ఒళ్లు వంచి పిసికినా అంచు పగిలేది. పెనం మీదికి ఎత్తబోతే నడుమకు విరిగేది. పట్టించి నిలవ ఉంచిన జొన్నపిండికి పట్టు తగ్గుతుంది, కొన్నాళ్లకు చేదు కూడా ఎక్కుతుంది. అమ్మ వివరం చెప్పకుండా అన్న మాట అదే. అప్పట్నుంచి తెల్లజొన్నలు కొని, కాలనీ గిర్నీలో కొంచెం కొంచెం పట్టించుకుంటున్నాను. గిర్నీ అతన్ని ముందే అడిగి, గోధుమలు ఆడిన వెంటనే కాకుండా జొన్నల వంతప్పుడు వేయించుకుంటాను. పిండి మెత్తగా ఉండాలి. బరకగా ఉంటే పొంగదు.

మా ఇంటికి దగ్గర్లో, కూకట్‌పల్లి వైపు పోయే రోడ్డు పక్కన సాయంత్రాలు ఒకామె జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. పాలమూరు నుంచి వచ్చిన మనిషి. గ్యాసు పొయ్యి, ఇనుప పెనం, ముందొక చెక్క. ఆమె తట్టేటప్పుడు చూస్తూ నిలబడిపోయాను. మా అమ్మ చెయ్యే. కుడి అరచేయి దెబ్బ, ఎడమ వేళ్ల సర్దుడు, దెబ్బకు కొంచెం జరిగే రొట్టె. ఎవరూ ఎక్కడా కొలతలు రాసిపెట్టకుండా ఇంత దూరంలో ఇద్దరి చేతుల్లోకి ఒకటే పని ఎట్లా వచ్చింది!

"పిండి ఎప్పటిదక్కా?" అన్నాను.

"ఇయ్యాల్టిదే అమ్మా. నిన్నటిదైతే చెయ్యి ఇంటదా?"

రద్దీ తగ్గినప్పుడు ఇంకొంచెం మాట్లాడాను. ఊళ్లో కూడా ఇన్ని రొట్టెలు చేసేదానివా అంటే నవ్వింది. "ఊర్ల గూడ చేసిన. ఇంట్ల చేస్తె ఎవ్వరన్న లెక్కవెడ్తరా? గీడ ఒక్కొక్కటి లెక్కనే."

ఆ రోజు నాలుగు రొట్టెలు కట్టించుకుని ఇంటికొస్తూ ఆ మాటే తలుచుకున్నాను. మా అమ్మ జన్మంతా చేసిన రొట్టెలకు లెక్క లేదు. అదే చేతి పనికి ఇక్కడ రొట్టెకింత అని ధర ఉంది. ఆ డబ్బుతో ఈమె ఇద్దరు పిల్లల్ని కాలేజీలో చదివిస్తోంది.

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, మన దేశం అడిగిన మీదట. ఆ ఏడాది ఎక్కడ చూసినా జొన్న, కొర్ర, సజ్జ మాటలే. పీచు గురించి, ఇనుము గురించి, నీళ్లు తక్కువ తాగే పంటల గురించి మంచి మాటలు చెప్పారు. అవన్నీ కావాల్సిన మాటలే, చెప్పినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. బొమ్మల్లో గుండ్రటి రొట్టె చక్కగా ఉంది. దాన్ని చేసిన మనిషే ఏ బొమ్మలోనూ లేదు. మన నానమ్మలు ఎంత బలమైన తిండి తిన్నారో అని ఎవరైనా అంటే, వాళ్లు ఎప్పుడు తిన్నారు, ఎన్నో రొట్టె తిన్నారు అని నాకు అడగాలనిపిస్తుంది.

మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకరు పిసుకుతారు, ఒకరు కాలుస్తారు. సగం అయ్యాక చేతులు మారుతాయి, అప్పటిదాకా చేసినవాళ్లు కూచుని వేడిది తింటారు. మా ఆయనకు తట్టడం రాలేదు, నీళ్లు రాసి తిప్పడం బాగా వచ్చింది. మావాడికి తట్టడం వచ్చింది. అమ్మ చివరిసారి మా ఇంటికొచ్చినప్పుడు వాడే రొట్టె చేసి ఆమె కంచంలో వేశాడు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంచు పగిలింది రా అబ్బోడా. ఎసరు ఇంకొంచెం తెర్లల్ల" అంది. ఆ తర్వాత, "ఇంగోటి ఎయ్యి" అంది.

అమ్మ వేడి రొట్టె వరసగా తినడం నేను అంతకుముందు చూసినట్టు గుర్తులేదు.

నల్లరేగడిలోకి జొన్న తిరిగి రావాలని నాకూ ఉంది. రైతు వెయ్యాలంటే కొనేవాళ్లుండాలి, కొనాలంటే ఇంట్లో చేసేవాళ్లుండాలి. ఆ చేసే పనంతా మళ్లీ ఒక్క మనిషి మీదే వేస్తే, నాలుగు వారాలు చేసి ఐదోవారం ఆమె బియ్యం డబ్బా తెరుస్తుంది. మా అమ్మా అదే చేసింది, సరిగ్గానే చేసింది. అన్నం దాని పాటికది ఉడుకుతుంది, రొట్టె దాని పాటికది కాలదు. ఒక మనిషి దగ్గరుండాలి. ఆ మనిషి రోజూ ఒక్కరే కాకుండా చూసుకున్న ఇళ్లలోనే జొన్నరొట్టె నిలుస్తుంది. కాబట్టి రొట్టె కావాలనేవాళ్లెవరైనా, మగవాళ్లయినా పిల్లలైనా, ముందు ఎసరు పెట్టడం నేర్చుకోండి. నీళ్లు బాగా తెర్లనివ్వండి.